మిద్దెతోట చీటీ: సటీకా తాత్పర్యము

అవతారిక

పండక్కి ఊరెళ్తూ పొరుగువారికి రాసిపెట్టే చీటీలు మన భాషలో లెక్కకు అందవు. వాటిలో ఒక్కదానికైనా ఇంతవరకు టీక పుట్టలేదు. అందువల్ల జరిగిన నష్టం ఆశ్వయుజంలో ఏ మిద్దె ఎక్కినా కనిపిస్తుంది: పీచెక్కిన బీర, గింజ ముదిరిన బెండ, పండి పగిలిన కాకర. ఇంటి కప్పు మీద కూరగాయలు పెంచి చూపి, ‘మిద్దెతోట’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చినవారిలో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి ముఖ్యులు. ఆ తోటను పెంచే శాస్త్రం అలా వచ్చింది కానీ, నిండు కాపులో దాన్ని వదిలి బస్సెక్కేవారి శాస్త్రం రాలేదు. ఆ లోటు తీర్చడమే ఈ వ్యాఖ్యకు ప్రయోజనం.

మూలం హైదరాబాదులో ఒక రెండంతస్తుల ఇంట మిద్దె తలుపుకు అంటించిన చీటీ. కర్త్రి పై పోర్షను ఇల్లాలు. కృతి అందుకున్నది కింది పోర్షను వదినగారు. కాలం దసరా సెలవులు; అంటే తొలకరికి విత్తినవన్నీ కాపు మీదున్న సమయం. వర్ణ్య వస్తువు: గ్రోబ్యాగుల్లో, పాత బకెట్లలో, ఒక పగిలిన వాష్‌బేసిన్‌లో బెండ, వంగ, టమాట, మిరప, పందిరి మీద బీర, సొర, కాకర, పిట్టగోడ వారన చిక్కుడు, ఖాళీ కనిపించిన చోటల్లా తోటకూర. రసం బయలుదేరేటప్పుడు శాంతం, తిరిగొచ్చాక కరుణ.

మూలం

“వదినగారూ, పది రోజులు ఊరికి వెళ్తున్నాం. మొక్కలకు రోజూ కాసిని నీళ్లు పోయండి. మందులేమీ కొట్టక్కర్లేదు. కాయలు కాస్తే మొహమాటపడకుండా కోసుకోండి. తాళం తులసికోట వెనక ఉంది.”

ప్రతిపదార్థం

వదినగారూ = చుట్టరికం లేకున్నా మెట్లెక్కగల ఓ పుణ్యాత్మురాలా; పది రోజులు = మాకు ఒక పండగ, బెండకు రెండు కోతలు, పేనుబంకకు ఒక తరం పట్టే కాలం; ఊరికి వెళ్తున్నాం = కోసే చేతులు ఇక్కడ ఉండవు; మొక్కలకు = మేం విత్తినవాటికీ, మేం విత్తకుండానే మొలిచినవాటికీ; రోజూ = (పాఠాంతరం కలదు, ముందు చూడుడు); కాసిని = ఎన్నో మేమూ ఎన్నడూ కొలవని; నీళ్లు పోయండి = ఇది తెలిసిందే; మందులేమీ కొట్టక్కర్లేదు = పురుగు కనిపిస్తే మాకు చెప్పక్కర్లేదని కాదు; కాయలు కాస్తే = కాయక మానవు; మొహమాటపడకుండా = ఈ మాటతోనే మొహమాటం మొదలగును; కోసుకోండి = దీనిమీదే వివాదం; తాళం = అధికారం; తులసికోట వెనక ఉంది = వీధిలో అందరికీ తెలిసిన రహస్య స్థలంలో ఉంది.

పాఠాంతర విచారం

చీటీని తలుపుకు బయటివైపు అంటించడం వల్ల మొదటి రాత్రి జల్లుకే రెండో వాక్యం తడిసింది. ‘రోజూ’ అన్నది వదినగారి పాఠం. ‘రోజు మార్చి రోజు’ అన్నది అన్నయ్యగారి పాఠం. బకెట్ మోసేది అన్నయ్యగారే కనుక ఆయన పాఠాన్ని పక్షపాతమని తోసిపుచ్చేవారున్నారు. అది తొందరపాటు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయంలో నాటిన చెట్లకు ఎండాకాలం పొద్దునా సాయంత్రమూ, చలికాలం రోజు విడిచి రోజూ, వానాకాలం నేల ఎండినప్పుడూ నీళ్లు పోయమన్నాడు. అంటే రెండు పాఠాలకూ శాస్త్రబలం ఉంది, ఋతువే తీర్పరి. అయితే ఆయన చెప్పింది నేలలోని చెట్లకు. గ్రోబ్యాగులో మట్టి కొంచెం, ఎండ నాలుగు పక్కలా. కాబట్టి దసరా రోజుల్లో వానాకాలపు విధినే పట్టుకొని, వేలు రెండో కణుపు దాకా గుచ్చి, తడి తగలకపోతే పోయడం ఉభయతారకం.

‘కాసిని’ అన్నచోట మూడు సంప్రదాయాలు. చెంబు సంప్రదాయం వారు పైమట్టి నల్లబడగానే ఆపుతారు. దానివల్ల వేళ్లు లోతుకు దిగవు. ఒక్కరోజు తప్పితే మొక్క తల వాల్చేస్తుంది. పైపు సంప్రదాయం వారు మిద్దె కాలువ పారేదాకా ఆపరు. వేళ్లకు గాలి ఆడక ఆకులు పసుపెక్కి వాలతాయి, అది దాహమనుకొని మళ్లీ పైపు పడతారు. అడుగు కన్నంలోంచి నీరు కారడం మొదలవగానే చాలించేది బకెట్ సంప్రదాయం. ఇదే గ్రాహ్యం. మధ్యాహ్నపు ఎండలో సొర, బీర ఆకులు వాలినా పొద్దువాలేసరికి తేరుకుంటే అది దప్పిక కాదు, ఎండకు తమను కాచుకోవడం. మూడు రోజులు మరిచి నాలుగో రోజు టమాటకు ఒకేసారి కుమ్మరిస్తే కాయలు పగులుతాయి. నీళ్లు ఇలా తప్పి తప్పి అందితే కాయ అడుగు నల్లబడి కుళ్లడమూ కద్దు. ఎద్దడి పడిన దోస చేదెక్కుతుంది.

శంకా సమాధానాలు

శంక: తోటను ఇతరులకు అప్పజెప్పి వెళ్లడం శిష్టాచారమేనా?

సమాధానం: ముమ్మాటికీ. కాళిదాసు నాటకంలో శకుంతల అత్తవారింటికి బయలుదేరుతూ వనజ్యోత్స్న అనే తీగను అనసూయా ప్రియంవదలకు అప్పగించింది. మరి తమను ఎవరికి అప్పగిస్తున్నావని వాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వదినగారు అలా అనలేదు. మోటరు స్విచ్ ఎక్కడుందని మాత్రం అడిగారు. ఆపైన వనజ్యోత్స్న పూలతీగ, కాయలు కోయాల్సిన పని లేదు. మన చీటీ చిక్కు అక్కడే ఆశ్రమంతో విడిపోతుంది.

శంక: ‘మొక్కలకు’ అన్న బహువచనంలో కలుపు చేరుతుందా?

సమాధానం: కర్త్రి ఉద్దేశంలో చేరదు, వదినగారి బకెట్‌లో చేరుతుంది. తుంగ, గరిక అందులో వాటా పుచ్చుకొని ముందు పెరిగేవి అవే. అయితే గంగవాయిలి, గలిజేరు కూడా అలాగే మొలుస్తాయి. వాటిని పప్పులో వేసుకునే ఇంట అవి కలుపు కావు, ఉచితంగా వచ్చిన కూర. తుంగను మాత్రం గడ్డతో సహా తీయాలి. పైన తుంచితే కింద మళ్లీ లేస్తుంది.

శంక: మందులు వద్దన్నారు కదా, పురుగు మాటేమిటి?

సమాధానం: వద్దన్నది మందును, చూపును కాదు. చిక్కుడు లేత కొమ్మకు పట్టే నల్ల పేనుబంక మగతోడు లేకుండానే పిల్లల్ని కంటుంది, ఆ పిల్ల వారం పది రోజుల్లో తల్లవుతుంది. మొదటి రోజు చూస్తే గట్టిగా చిమ్మిన నీళ్లధారకే రాలిపోతుంది. పదో రోజు చూస్తే కొమ్మంతా నలుపే, తేనెబంక కోసం చీమల బారులే. వంగ కొన వాలిందంటే లోపల తొలిచే పురుగు చేరిందని గుర్తు. ఆ కొనను వాలిన చోటుకు కింది దాకా తుంచి పారేస్తే కాయలకు పాకేది తగ్గుతుంది. మిరపాకు పైకి ముడిస్తే తామరపురుగు, కిందికి ముడిస్తే నల్లి. ఇవన్నీ కంటి పనులు. మూలంలో కంటి పని గురించి ఒక్క అక్షరం లేదు. ఇది దోషమే, టీకాకారుడు కప్పిపుచ్చడు.

శంక: ‘కాస్తే’ అని సందేహార్థకం ఎందుకు?

సమాధానం: తీగజాతిలో ఆడపువ్వు, మగపువ్వు వేరు కనుక సొర, బీరల విషయంలో ఆ సందేహం సాధువు. అవి సాయంత్రం విచ్చుకుంటాయి. పై అంతస్తుకు తేనెటీగా రాత్రి చిమటా రాని చోట మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దేవారు ఉండాలి. వారే ఊరికి వెళ్లారు. బెండకు ఆ బాధ లేదు, ఒకే పువ్వులో అన్నీ ఉన్నాయి. దాని పట్ల ‘కాస్తే’ అనడం అపప్రయోగం. ‘కాసినవి కాసినట్టు’ అని చదువుకోవాలి.

ప్రధాన వివాదం: ‘కోసుకోండి’

ఇది విధియా, మర్యాదా? పొయ్యి మీద కూర ఉడుకుతుండగా వచ్చినవారిని ‘భోంచేసి వెళ్లండి’ అన్నట్టు ఇదీ ఒక మర్యాద మాటేనని పూర్వపక్షం. చీటీలో అసలు పని నీళ్లు పోయడమనీ, కాయలు దానికి కూలి వంటివనీ వారి వాదం. వదినగారూ అదే మతం. కనుకనే మొదటి రోజు నాలుగు బెండకాయలు కోశారు. రెండో రోజు, రోజూ కోస్తే ఏం బాగుంటుందని ఆగారు. మూడో రోజు నుంచి, వాళ్లొచ్చి నిండుగా చూసుకొని మురిసిపోతారని పందిరి వైపు చెయ్యి చాపలేదు. నీళ్లు మాత్రం ఒక్కరోజూ తప్పలేదు. పూర్వపక్షాన్ని ఇంతకన్నా నిజాయితీగా ఆచరించినవారు లేరు.

దీనికి సిద్ధాంతం: ఒక గ్రంథం తాత్పర్యం తేల్చడానికి పెద్దలు షడ్లింగాలు చెప్పారు. వాటితో చూద్దాం.

ఉపక్రమోపసంహారాలు: చీటీ వెళ్తున్నామంటూ మొదలై తాళంతో ముగిసింది. కోసే చేతులు వెళ్తున్నాయి, ఆ అధికారం మరొకరి చేతికి వస్తోంది. అభ్యాసం: ‘కాయలు కాస్తే’ అని కాపు ఒకే వాక్యంలో రెండుసార్లు వినిపించింది, నీళ్లు ఒక్కసారే. అపూర్వత: మొక్కకు నీళ్లు పోయాలని చీటీ చెప్పకున్నా తెలుసు, దసరా వానకూ తెలుసు. కోయకపోతే చెడుతుందన్నది ఇతరత్రా తెలియని సంగతి, చీటీయే చెప్పాలి. అర్థవాదం: ‘మొహమాటపడకుండా’. నీళ్ల వాక్యానికి ఇంత ప్రోత్సాహం జోడించలేదు. ఫలం: వేరే వివరించనక్కర్లేదు.

ఇక ఉపపత్తి. బెండ పువ్వు విచ్చిన నాలుగు నుంచి ఆరు రోజుల్లో కాయ కోతకు వస్తుంది; దాటితే పీచు. కాయ ముదురుతున్నకొద్దీ మొక్క తన తిండిని గింజలకు మళ్లిస్తుంది, కొత్త పూలు తగ్గిస్తుంది. గింజ తయారైతే దాని బతుకు లక్ష్యం నెరవేరినట్టే. మన సాంబారు దాని లక్ష్యాల్లో లేదు. లేతగా కోసినప్పుడల్లా ఆ లక్ష్యం తప్పిపోయి మళ్లీ పూస్తుంది. దోస, బీర, గోరుచిక్కుడు, వంగ అన్నిటిదీ ఇదే నడక. తోటకూరా కోయకుండా వదిలేస్తే కంకి వేసి ఆకు చిన్నబోతుంది. కాబట్టి కోయడం దోచుకోవడం కాదు, పెంచడమే. నీళ్లు పోసి కాయలు వదిలేయడం తోటకు నిదానంగా స్వస్తి చెప్పడం. ముదిరాకే కోయాల్సిన గుమ్మడి, బూడిదగుమ్మడి దీనికి అపవాదాలు. విత్తనానికని వదిలిన కాయకు గుడ్డపీలిక కట్టి వెళ్లడం కర్త్రి ధర్మం.

నీళ్లది ప్రధానం కాదనడానికి మరో నిదర్శనం: ఆ పనికి మనిషే అవసరం లేదు. తొట్లను నీడకు జరిపి దగ్గరగా చేర్చి, మట్టి మీద ఎండుటాకులు పరిచి వెళ్తే సగం నీరు అడగవు. చుట్టూ తీగలు పెట్టి నడుమ మట్టికుండ పాతి నీళ్లు నింపితే అది ఊరుతూ ఉంటుందని క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దపు చైనా వ్యవసాయ గ్రంథమొకటి చెప్పింది. ఇప్పుడు డ్రిప్ గొట్టానికి టైమరు పెట్టేవారూ ఉన్నారు. కుండ పోస్తుంది, టైమరు పోస్తుంది, మేఘం పోస్తుంది. వీటిలో ఏదీ బెండకాయ కోయదు. కోసేవి వదినగారు కాక కోతులూ రామచిలుకలే. అవి చీటీ చదవకుండానే నాలుగో వాక్యాన్ని, ముఖ్యంగా మొహమాటం గురించిన భాగాన్ని, అక్షరాలా పాటిస్తాయి.

తాత్పర్యం

ఓ వదినా! మేము లేని ఈ పది రోజులూ రోజు మార్చి రోజు కత్తెర పట్టుకొని మిద్దె ఎక్కుము. అరచేతికి మించిన బెండను, గోటికి లొంగిన బీరను, పసుపు తిరగని కాకరను కోసి మీ వంటింటికి చేర్చుము. ఎక్కువైతే ఎదురింటికి పంచుము. ఎటూ ఎక్కావు గనుక ఆకుల వెనక ఒకసారి చూసి, మట్టి ఎండి ఉంటే నీళ్లు పోయుము. మేము వచ్చేసరికి పందిరికి కాయలు కాక పువ్వులు మిగిల్చితివేని నీకు ఋణపడి ఉందుము అని భావము.

పరిష్కర్త మనవి

రాబోయే ముద్రణలో ‘కోసుకోండి’ వాక్యాన్ని మొదటికి మార్చి, ‘మొహమాటపడకుండా’ స్థానంలో ‘దయచేసి, మాకోసం’ అని దిద్దాలి. మొహమాటం మేలు పొందేటప్పుడు అడ్డొస్తుంది, మేలు చేసేటప్పుడు రాదు. కర్త్రి కూడా బయలుదేరే పొద్దున పిందెలతో సహా అందినవన్నీ కోసి, మొదటి సంచీ తానే కింది పోర్షనులో ఇచ్చి వెళ్తే వదినగారికి దారి పడుతుంది.

ఫలశ్రుతి

ఈ టీకను ఊరెళ్లేముందు చదివినవారికి తిరిగొచ్చేనాటికి పూతా పిందే ఉండును. పొరుగువారికి చదివి వినిపించినవారికి మరుసటి పండక్కీ పొరుగువారు దొరుకుదురు. చీటీ అంటించి టీక చదవనివారికి ఏడాదంతా ఒళ్లు రుద్దుకోవడానికి సరిపడా బీరపీచు సిద్ధించును.