పలక మీద ఆరు, బానెట్ కింద ఎనిమిది

ఈ ఆత్మకథకు కర్త ఒక కారు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డిట్రాయిట్ నగరం చుట్టివేసిన హామ్‌ట్రామ్క్ పట్టణపు కర్మాగారంలో తయారై, 1967వ సంవత్సరపు నమూనాగా అమ్మకానికి వచ్చిన రెండు తలుపుల డాడ్జ్ డార్టు ఇది. పూర్వపు గ్రంథకర్తలు పీఠికల్లో తమను తాము ప్రథమ పురుషలో చెప్పుకొన్న పద్ధతినే ఇదీ అనుసరిస్తుంది. వినయం అందుకు కొంత కారణమే అయినా, ఇంజను మారిన తరువాత ఉత్తమ పురుషలో మాట్లాడే హక్కు పాత శరీరానిదా, కొత్తగా వచ్చి కూర్చున్న ఇంజనుదా అన్నది ఇంకా తేలకపోవడమే అసలు కారణం.

అమెరికన్ పరిశ్రమ ఈ తరగతి వాహనాలను ‘కాంపాక్ట్’ అంటుంది, అనగా పొందికైన చిన్న కారు. చిన్నది అన్న మాటను ఆ దేశపు కొలతల్లోనే అర్థం చేసుకోవాలి. ముందు వెనుక చక్రాల మధ్య దూరం 111 అంగుళాలు, మొత్తం పొడవు దాదాపు 5 మీటర్లు ఉన్న ఈ కారు పక్కన, ఒకప్పుడు మన ఊళ్లలో పెళ్లివారిని కుక్కి మోసిన అంబాసిడరు సుమారు 4.3 మీటర్లతో తమ్ముడిలా కనబడుతుంది. అయినా డాడ్జ్ మాతృసంస్థ క్రిస్లర్ తన పేరుతోనే అమ్మిన అదే కాలపు పెద్ద కార్లలో ఆ చక్రాల మధ్య దూరం 124 అంగుళాలు ఉండేది గనుక, వాటి పక్కన నిలిచినప్పుడు తమ్ముడి స్థానం ఈ కారుది.

పుట్టుకతో వచ్చిన ఇంజను పేరు స్లాంట్ సిక్స్. ఒకే వరుసలో నిలిచిన ఆరు సిలిండర్లు నిటారుగా గాక 30 డిగ్రీలు కుడివైపుకు వాలి ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. అలా వాల్చడం వల్ల ఇంజను ఎత్తు తగ్గి, బానెట్‌ను కిందికి దించి గీయడానికి రూపకర్తలకు వీలు కలిగింది. దాని పరిమాణం, అనగా పిస్టన్లన్నీ ఒకసారి పైకి కిందికి కదిలితే ఊడ్చే చోటు, 225 ఘనపు అంగుళాలు, మన లెక్కలో 3.7 లీటర్లు, శక్తి 145 అశ్వశక్తులు. మొండిగా నడవడంలో ఆ ఇంజనుకు గొప్ప పేరు ఉంది. పందెం కారు కావాలన్న ఊహ లేని ఒక గుమాస్తా ఇంట్లో, ఆఫీసుకు, బడికి, కూరగాయల కొట్టుకు తిరుగుతూ, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకు కొంత తుప్పు సమర్పించుకుంటూ గడచిన దాదాపు పంతొమ్మిదేళ్ల గురించి ఇంతకుమించి చెప్పవలసినది లేదు.

కథ మలుపు తిరిగినది 1986లో, కారు చేతులు మారి, కొత్త యజమాని దీనిలో ‘బిగ్ బ్లాక్’ వేయాలని సంకల్పించినప్పుడు. ఈ పదాన్ని చాలామంది పెద్ద పరిమాణం గల ఇంజను అన్న అర్థంలో వాడుతారు, అది పూర్తిగా సరికాదు. సిలిండర్ల బోర్లు తొలిచిన ఇనుప పోతను బ్లాకు అంటారు. ఒక బోరు మధ్యబిందువు నుండి పక్క బోరు మధ్యబిందువుకు ఉన్న దూరమే బ్లాకు ఎంత పెద్దదో నిర్ణయిస్తుంది. క్రిస్లర్ సంస్థ చిన్న బ్లాకులో అది 4.46 అంగుళాలు, 1958లో మొదలైన పెద్ద బ్లాకు వంశంలో 4.8 అంగుళాలు. ఆ మూడో వంతు అంగుళం తేడా ఇంజను పొడవంతటా పేరుకొని, బరువుగా, వెడల్పుగా, చివరికి చోటు చాలని తగాదాగా పరిణమిస్తుంది. చిన్న బ్లాకులో 360 ఘనపు అంగుళాల ఇంజనూ, పెద్ద బ్లాకులో 350 ఘనపు అంగుళాల ఇంజనూ వచ్చాయంటే, పేరు పోతను బట్టి వచ్చినదే గాని పరిమాణాన్ని బట్టి కాదని స్పష్టమవుతుంది.

యజమాని సంకల్పం అపూర్వమైనదేమీ కాదు. 1967లోనే షికాగోలోని గ్రాండ్ స్పాల్డింగ్ డాడ్జ్ అనే విక్రయశాలవారు, ‘మిస్టర్ నార్మ్’గా పేరుపడిన నార్మన్ క్రౌస్ ఆధ్వర్యంలో, 383 ఘనపు అంగుళాల పెద్ద బ్లాకును డార్టులో దించి చూపించగా, తయారీదారులు కూడా అదే ఏడాది ఆ జోడీని అమ్మకానికి పెట్టారు. పెద్ద కార్లలో 325 అశ్వశక్తులుగా ప్రకటించిన ఆ ఇంజనుకు డార్టులో 280 మాత్రమే రాశారు. పొగ బయటికి పోయే గొట్టాలను ఇరుకులో పట్టించడానికి నొక్కవలసి రావడమే ఆ తరుగుకు ముఖ్య కారణం. 1968లో పందేల కోసం మాత్రమే ‘హెమీ’ అనే 426 ఘనపు అంగుళాల ఇంజనుతో కొన్ని డార్టులు, 1969లో వీధి వాడకానికే 440 ఇంజనుతో కొన్ని డార్టులు వచ్చాయి. ఈ రెండో రకానికి పవర్ స్టీరింగు గాని, పవర్ బ్రేకు గాని ఇవ్వలేదు, వాటికి చోటు మిగలలేదు గనుక. తయారీదారుకే లొంగని చోటు ఇంటి వెనుక షెడ్డులో లొంగుతుందని నమ్మడాన్ని సాహసం అనాలో అమాయకత్వం అనాలో ఈ కారు నిర్ణయించలేదు.

ఇంజను దాత 1968 నాటి ఒక క్రిస్లర్ న్యూయార్కర్ కారు. 1973లోను 1979లోను చమురు సంక్షోభాలు దాటిన తరువాత అటువంటి భారీ వాహనాలను అడిగే నాథుడు లేక, అవి పాత ఇనుము కొట్లలో వరుసలు కట్టి ఉండేవి. దానిలోని 440 ఘనపు అంగుళాల ఇంజను 7.2 లీటర్లది, 350 అశ్వశక్తులది. 1489 ఘనపు సెంటీమీటర్ల అంబాసిడరు ఇంజన్లు దాదాపు ఐదింటిని కలిపితే ఆ పరిమాణం వస్తుంది. ఇక్కడ అశ్వశక్తి కంటె ముఖ్యమైనది టార్కు, అనగా ఇరుసును మెలితిప్పే బలం. స్లాంట్ సిక్స్ టార్కు 215 పౌండ్-అడుగులు కాగా, దీనిది 480. ముసలివారిని చర్చికి తీసుకువెళ్లడానికి ఇంత బలం ఎందుకు అవసరపడిందో ఆ కాలపు అమెరికానే అడగాలి.

జరిగిన పనిని అందరూ ఇంజను మార్పిడి అంటారు. అందులో ఇంజను పాత్ర ఎంత తక్కువో అనుభవించిన కారుకే తెలుసు. మొదట కదిలినది ముందు భాగంలో ఇంజనును, స్టీరింగు పెట్టెను, చక్రాల చేతులను కలిపి మోసే ఇనుప అడ్డదూలం. ఆరు సిలిండర్ల ఇంజను కోసం చేసిన దూలం మీద వి-8 ఇంజను, అనగా నాలుగేసి సిలిండర్లు రెండు వరుసలుగా వి ఆకారంలో విడివడిన ఇంజను, కూర్చోదు గనుక, చిన్న వి-8 ఉన్న మరొక డార్టు నుండి దూలాన్ని తెచ్చి, దానికీ పెద్ద బ్లాకుకూ పొత్తు కుదిర్చే మౌంట్లు బిగించారు. 440లో బ్లాకు ఎత్తు 383 కంటె ముప్పావు అంగుళం ఎక్కువ. వి ఆకారంలో ఎత్తు పెరిగితే సిలిండర్ల వరుసలను పైన మూసే రెండు తలలూ పైకే గాక పక్కలకూ జరుగుతాయి గనుక, 383కే ఇరుకైన గదిలో 440 గోడలను ఒరుసుకొని దిగింది.

అసలు యుద్ధం ఎడమవైపున జరిగింది. అమెరికాలో డ్రైవరు కూర్చునేది ఆ పక్కనే. స్టీరింగు కడ్డీ, దాని పెట్టె, స్టార్టరు మోటారు, అన్నీ అక్కడే ఉండగా, నాలుగు సిలిండర్ల మంట పొగగా వెలువడే గొట్టాలు కూడా వాటి మధ్య నుండే కిందికి దారి వెదుక్కోవాలి. అక్కడే టార్షన్ బార్ కూడా ఉంది. ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగులకు బదులుగా, కారు పొడవునా పడుకొని, చక్రం ఎగిరినప్పుడు మెలితిరిగి మళ్లీ విచ్చుకొనే ఉక్కు కడ్డీని ఆ పేరుతో పిలుస్తారు. గొట్టాల్లో కొన్ని ఆ కడ్డీని చుట్టి వెళ్లవలసి రావడంతో, కడ్డీని ఊడదీసి, గొట్టాలను ఎక్కించి, మళ్లీ కడ్డీని దూర్చారు. స్లాంట్ సిక్స్ రోజుల్లో పది నిమిషాల పనిగా ఉన్న ప్లగ్గుల మార్పిడి, ఆ తరువాత కారును జాకీల మీద ఎత్తి కింద నుండి చేయి పెట్టి, మోచేతి చర్మం కొంత సమర్పించి చేసే క్రతువుగా మారింది.

కడ్డీల సంగతి అంతటితో ముగియలేదు. పాత ఇంజనుకూ కొత్తదానికీ బరువులో తేడా దాదాపు 90 కిలోలు, ఆ భారమంతా ముందు చక్రాల మీదే. పాత కడ్డీలతో కారు ముక్కు నేలకు వంగింది. టార్షన్ బార్ బిగువు వ్యాసానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది గనుక, వ్యాసం పదో వంతు పెరిగినా బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. చూపుకు తేడా తెలియని కొంచెం లావు కడ్డీలు ముక్కును తిరిగి పైకి నిలబెట్టాయి.

గేరుపెట్టె మారింది, దానితో వెనుక ఇరుసుకు శక్తిని అందించే షాఫ్టు పొడవు మారింది, ఆరు సిలిండర్ల బలానికే సరిపడిన వెనుక ఇరుసు పోయి లావైన పళ్లచక్రం గల ఇరుసు వచ్చింది, రేడియేటరు వెడల్పయింది. ముందు డ్రమ్ము బ్రేకులకు బదులుగా 1973 తరువాతి డార్టుల డిస్కు బ్రేకులు అమరాయి. ఆ వరుసలో మొట్టమొదట చేయవలసినది నిజానికి ఈ బ్రేకుల పనే. ఆగగలిగిన తరువాతే పరుగెత్తాలన్న సంగతి యజమానికి చివర గుర్తుకు వచ్చినందుకు, దేవుడి దయ వల్ల, ఏ గోడా సాక్ష్యం చెప్పవలసిన అవసరం కలగలేదు.

ప్రమాదం మరొక రూపంలో వచ్చింది. ఇంజను ఇరుసును ఒకవైపుకు తిప్పుతున్నప్పుడు, ఆ ప్రతిచర్యగా ఇంజను శరీరం రెండో వైపుకు ఒరగాలని చూస్తుంది. ఈ అమరికలో ఎడమ పక్క పైకి లేస్తుంది. మొదటి గేరు టార్కును 2.45 రెట్లు చేస్తుంది గనుక, ఆ లేపే బలం చిన్నదేమీ కాదు. షెడ్డులో పని చేసినవారు పాత మౌంటులోని ఎండిన రబ్బరునే మళ్లీ వాడారు. ఒక సాయంత్రం ట్రాఫిక్ దీపం పచ్చబడగానే యజమాని పెడలు అదిమితే, ఎడమ మౌంటు రబ్బరు చీలి, ఇంజను ఒక భుజం పైకెత్తి, ఫ్యాను రేడియేటరును కొరికింది. నడిరోడ్డు మీద ఆకుపచ్చ నీరు కార్చుకుంటూ నిలబడటం ఈ కారు జీవితంలో అత్యంత అవమానకరమైన ఘట్టం. తరువాత కొత్త మౌంటుతో పాటు, ఎడమ తలను అడ్డదూలానికి కట్టివేసే ఒక గొలుసు కూడా వచ్చింది. పొగరుబోతు ఎద్దుకు పలుపుతాడు వేసినట్లుగా ఉండే ఆ గొలుసు ఖరీదు మొత్తం ఖర్చులో లెక్కకు రాదు, అయినా అన్నింటికంటె నిజాయితీగా పనిచేసిన భాగం అదే.

శరీరానికి మరొక లోపం ఉంది. ఈ తరగతి కార్లకు లారీల వలె విడిగా చాసిస్ ఉండదు. ముందు కొంత, వెనుక కొంత దూలాలు ఉండి, మధ్యలో నేల రేకే వాటిని కలుపుతుంది. అదనపు టార్కుకు ఆ రేకు మెలితిరిగి, తలుపులు మూసుకోవడంలో మొరాయించడం మొదలుపెట్టగా, ముందు దూలాలను వెనుక దూలాలతో కలిపే రెండు ఉక్కు పట్టీలు వెల్డింగు చేయవలసి వచ్చింది. వెనుక కమాను కట్టలు మెలిపడకుండా మరికొంత సరంజామా చేరింది.

ఇన్ని జరిగిన తరువాత కారు మంచిదైందా అంటే, తిన్నని దారిలో ఔను, మలుపులో కాదు. ముక్కు బరువు వల్ల, స్టీరింగు తిప్పినా కారు తిన్నగానే పోవాలని చూస్తుంది; దీన్ని అండర్‌స్టీర్ అంటారు. పవర్ స్టీరింగు లేనందున, నిలిపి ఉంచిన చోటు నుండి చక్రం తిప్పడం తిరగలి తిప్పడంతో సమానం. ఇలాంటి కారుకు మరింత బలం కోరుకునేవారికి చిన్న బ్లాకు వి-8 అన్ని విధాలా తెలివైన ఎంపిక అని ఈ కారు నిస్సంకోచంగా చెప్పగలదు. అయితే ఆ తెలివైన ఎంపిక జరిగి ఉంటే, పచ్చదీపం వెలిగినప్పుడు సీటు వీపును తాకే ఆ ఒక్క తోపు ఉండేది కాదని కూడా ఒప్పుకోవాలి.

తీసివేసిన స్లాంట్ సిక్స్ షెడ్డు మూలలో, నూనెగుడ్డ కప్పుకొని, చెక్కదిమ్మె మీద ఉంది. పానా పెట్టి తిప్పితే ఇప్పటికీ తిరుగుతుంది. 1967 నమూనాల్లో డ్రైవరు తలుపు స్తంభానికి బిగించిన చిన్న పలక మీద కారు నంబరు ఉంటుంది, అందులో ఐదో అక్షరం ఇంజనును తెలుపుతుంది. ఆ పలకను ఎవరూ మార్చలేదు. దాని ప్రకారం ఈ కారులో ఉన్నది ఆరు సిలిండర్లే.