వెబ్ ఆప్షనుల పద్యానికి టీకా తాత్పర్య విశేషాలు

మూలం

ఆ. ర్యాంకు జూచి ఫీజు రాయితీ లెక్కించి
బస్సు దూర మెంచి బాకి నెంచి
వరుస తప్పకుండ వాంఛల నణగించి
యాప్షనులను బెట్టు నయ్య గెలుచు

అవతారిక

కన్వీనర్ కోటాలో ఇంజనీరింగు సీటు కోరే ఇల్లు కాలేజీల పట్టికను ఎలా కుదించుకోవాలో ఈ ఆటవెలది చెబుతుంది. దీనికి దేశం కృష్ణా డెల్టా: బెజవాడ, ఉయ్యూరు, గుడివాడ, అవనిగడ్డ, బందరు. కాలం ఈఏపీసెట్ ర్యాంకులు వెలువడిన నాటి నుంచి ఆప్షన్లు ఫ్రీజ్ అయ్యే రాత్రి వరకు. 2021కి ముందు ఈ పరీక్ష పేరు ఎంసెట్. వైద్యవిద్య నీట్‌కు వెళ్ళిపోవడంతో పేరులో ‘మ’కారం లోపించింది గాని, పెద్దల నోట పాత రూపమే చెల్లుతోంది. ఈ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్ళు వదులుతారు. నారుమళ్ళకు, దమ్ముకు, నాట్లకు ఇంట్లో ఉన్న డబ్బు అటే పారుతుంది. సార్వా ధాన్యం డబ్బు చేతికొచ్చేది సంక్రాంతి దగ్గర పడ్డాక. ఫీజు అడిగేది మాత్రం నాట్ల నెలల్లో. పద్యంలో ఈ సంగతి ఎక్కడా లేదు, కానీ నాలుగు పాదాలూ దాని మీదే నిలబడ్డాయి.

శాస్త్రగ్రంథానికి విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగు అనుబంధాలు చెప్పడం సంప్రదాయం. మొదటి మూడూ స్పష్టమే. అధికారి ఎవరన్నది తేల్చాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 2019లో విధించిన షరతుల ప్రకారం కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలి. మాగాణి పదెకరాల లోపు, లేదా మెట్ట ఇరవై అయిదెకరాల లోపు ఉండాలి. సొంత కారు ఉండకూడదు. ట్యాక్సీకి, ఆటోకు, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. ఈ లక్షణాలన్నీ ఉన్నవారే పద్యానికి ముఖ్యాధికారులు. ఆదాయమో భూమో గీత దాటినవారు గౌణాధికారులు. వారికి ఇదే పద్యం వేరే అర్థమిస్తుంది. అది తరవాత వస్తుంది.

టీక

ర్యాంకు జూచి: ర్యాంకును పరిశీలించి అని అర్థం. ప్రవేశపరీక్ష మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చి ర్యాంకు కట్టడం చిరకాలపు పద్ధతి. కొవిడ్ ఏళ్ళలో ఇంటర్ మార్కులను పక్కన పెట్టారు. ‘చూచి’ అన్నది అంకెను చూడడం కాదు. ఆ పని ఫలితాలొచ్చిన అరగంటలో బంధువులే చేస్తారు. గత ఏడాది ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీలో ఆఖరి సీటు ఎంత ర్యాంకుకు పోయిందో ఆ పట్టికతో పోల్చడం ఇక్కడ ఉద్దిష్టం. ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధి కిందికి వస్తాయి. 85 శాతం సీట్లు స్థానికులవి. అందుచేత శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా అందరూ ఒకే వరుసలో పోటీ. ఒకే ర్యాంకు ఓసీ అబ్బాయికి ఒక కాలేజీని, బీసీ అమ్మాయికి మరో కాలేజీని చూపిస్తుంది. పక్కింటి వ్యాఖ్యాతలు తమ పిల్లవాడి ర్యాంకుతో పోల్చి చెప్పే మాటకు ప్రామాణ్యం లేకపోవడానికి కారణం ఇదే.

ఫీజు రాయితీ లెక్కించి: పద్యానికి గుండెకాయ ఈ పదబంధం. ‘ఫీజు లెక్కించి’ అనలేదు, ‘రాయితీ లెక్కించి’ అన్నాడు. భేదం సూక్ష్మం, కానీ లక్షల్లో ఉంటుంది. ప్రైవేటు కాలేజీల ఫీజును నియంత్రణ కమిషన్ మూడేళ్ళ కాలానికి నిర్ణయిస్తుంది. కాలేజీని బట్టి అది మారుతుంది. అర్హత ఉన్న విద్యార్థి కన్వీనర్ కోటాలో చేరితే ఆ ఫీజును ప్రభుత్వం భరిస్తుంది. అదే కాలేజీలో, అదే బెంచీ మీద, మేనేజ్‌మెంట్ కోటాలో కూర్చున్న పిల్లవాడికి పైసా రాదు. సీట్లలో 70 శాతం కన్వీనర్‌వి, 30 శాతం మేనేజ్‌మెంట్‌వి. కనుక అధికారి అయినవాడికి కాలేజీల మధ్య ఫీజు తేడా దాదాపు లేనట్టే. ఎక్కువ ఫీజు కాలేజీని ‘ఖరీదైనది’ అని కొట్టేయడం ఇక్కడ అతి తరచుగా జరిగే పొరపాటు. పట్టికలో ముందు కొట్టేయవలసింది ఫీజు ఎక్కువున్నదాన్ని కాదు, రాయితీ వర్తించని సీటును.

రాయితీ చరిత్ర కొంత తెలిస్తే గాని ఈ పదంలోని జాగ్రత్త బోధపడదు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దీన్ని విస్తృతంగా అమలు చేసింది. 2012లో పదివేల ర్యాంకు దాటిన బీసీ, ఈబీసీ విద్యార్థులకు 35 వేలే ఇస్తామని పరిమితి పెట్టారు. మిగతాది తండ్రి జేబులోంచి. ఆ ఏళ్ళలో ‘ర్యాంకు జూచి’కీ ‘ఫీజు రాయితీ’కీ మధ్య విడదీయరాని అన్వయం ఉండేది. 2020లో జగనన్న విద్యా దీవెన పేరిట పూర్తి ఫీజు అన్నారు, ఆ అన్వయం సడలింది. ఆ ఏడాది చివరిలోనే ప్రైవేటు కాలేజీల పీజీ చదువులకు రాయితీ తీసేశారు. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారుతుంది, డబ్బు వెళ్ళే దారి కూడా మారుతుంది. నాలుగేళ్ళ చదువు మధ్యలో ఒక ఎన్నిక రావచ్చు. అందుకే కవి ‘నమ్మి’ అనక ‘లెక్కించి’ అన్నాడు.

ఇక గౌణాధికారి. ఏడాదికి మూడు లక్షలు వచ్చే చిన్న ఉద్యోగి, లేదా పన్నెండెకరాల మాగాణి కాగితం మీద ఉండి కౌలు రాబడి అంతంత మాత్రమైన రైతు. ఇతడికి రాష్ట్ర రాయితీ లేదు, పూర్తి ఫీజు కట్టాల్సిందే. కాబట్టి ఇతడి పట్టికలో ఫీజు గడి మొదటి జల్లెడ అవుతుంది, ఎక్కువ ఫీజు కాలేజీ నిజంగానే ఖరీదైనది అవుతుంది. ఇతడికి కేంద్రపు తలుపులు కొన్ని తెరిచే ఉంటాయి. కుటుంబాదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50 వేలు, ఇంట్లో ఇద్దరి దాకా. ఇంటర్ బోర్డులో మొదటి ఇరవై శాతంలో నిలిచి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే కేంద్ర స్కాలర్‌షిప్ మొదటి మూడేళ్ళు ఏడాదికి 12 వేలు, నాలుగో ఏడాది 20 వేలు. మరో ఫీజు రాయితీ తీసుకుంటున్నవారికి ఇది చెల్లదు. అన్నిటికన్నా పెద్ద తలుపు తాడేపల్లిగూడెంలో ఉంది. 2015లో వచ్చిన ఎన్ఐటీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షా పాతిక వేలు అని చూసి చాలామంది ఆ పేజీ మూసేస్తారు. కానీ ఆదాయం లక్ష లోపు ఉంటే అది పూర్తిగా, లక్ష నుంచి అయిదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు పూర్తిగా మాఫీ. రెండున్నర లక్షల గీత దగ్గర రాష్ట్రం వదిలేసిన ఇంటిని ఇక్కడ అయిదు లక్షల దాకా పట్టించుకుంటారు. కాకపోతే అది ఈఏపీసెట్ ర్యాంకుకు రాదు, జేఈఈ మెయిన్ కావాలి.

బస్సు దూర మెంచి: ఫీజు ప్రభుత్వం కట్టాక ఇంటి మీద పడే అసలు ఖర్చు కాలేజీకి వెళ్ళి రావడానిది, లేదా కాలేజీ దగ్గర ఉండడానిది. హాస్టల్‌కు ఏడాదికి 80 వేలు అనుకుందాం. హాస్టల్ ఖర్చుకు ఇచ్చిన జగనన్న వసతి దీవెన నాటి లెక్క ప్రకారం డిగ్రీ స్థాయికి ఏడాదికి 20 వేలు వచ్చినా, నాలుగేళ్ళకు ఇంటి నుంచి పోయేది 2.4 లక్షలు. ‘ఉచిత’ సీటు ధర ఇది. ఉయ్యూరు, కంకిపాడు పిల్లలకు కానూరు కాలేజీలు బందరు రోడ్డు మీదే, బెజవాడ ఊళ్ళోకి వెళ్ళకుండానే తగులుతాయి. గుడివాడ, పెడన వారికి గుడ్లవల్లేరు రైలు దారిలోనే ఉంది. మైలవరం కాలేజీ అవనిగడ్డ వాడికి హాస్టల్, ఇబ్రహీంపట్నం వాడికి బస్సు. కాబట్టి కాలేజీ ‘చవక’ అన్న విశేషణం కాలేజీది కాదు, విద్యార్థి ఊరిది. 2025 ఆగస్టు నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఛార్జీ లేదు. దానితో ఈ పాదానికి ఒకే ఇంట్లో అన్నకు ఒక లెక్క, చెల్లెలికి ఒక లెక్క ఏర్పడ్డాయి. కాలేజీ వారి పసుపు బస్సు ఈ సూత్రం కిందికి రాదు. దాని ఫీజు వేరు, రీయింబర్స్‌మెంట్ లేదు.

బాకి నెంచి: బాకీ ద్వివిధం. ఇల్లు బ్యాంకుకు పడేది ఒకటి, ప్రభుత్వం కాలేజీకి పడేది మరొకటి. రెండోదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. రాయితీ మంజూరవడం వేరు, విడుదలవడం వేరు. 2021 నుంచి కొన్నేళ్ళు ఆ డబ్బు తల్లి ఖాతాలో వేసి, ఆవిడ కాలేజీకి కట్టాలన్నారు. తరవాత మళ్ళీ కాలేజీ ఖాతాకే మళ్ళించారు. ఏ దారిన వచ్చినా ఆలస్యమైతే మధ్యలో నిలబడేది విద్యార్థే. కనుక పట్టికలో ఉన్న ప్రతి కాలేజీ గురించి అక్కడ మూడో ఏడాది చదివే వాళ్ళను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: డబ్బు పడకపోతే హాల్ టికెట్ ఇస్తారా, ఆపుతారా? దీనికి ‘ఆపుతారు’ అని జవాబొస్తే, ఒక ఏడాది ఫీజు చేతిలో ఉంచుకోగలిగితేనే ఆ కాలేజీని పట్టికలో ఉంచాలి. ఇక మొదటి రకం బాకీకి 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి ఉంది. ఎనిమిది లక్షల లోపు ఆదాయానికి, పది లక్షల దాకా అప్పుపై మూడు శాతం వడ్డీ రాయితీ. అయితే అది ఎంపిక చేసిన సంస్థల జాబితాకే పరిమితం. కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చేరకముందే చూసుకోవాలి.

వరుస తప్పకుండ: ఈ పదానికి అర్థం తెలియకనే సీట్లు చేజారుతాయి. కంప్యూటరు ర్యాంకు వరుసలో ఒక్కొక్కరినీ తీసుకుని, వారి ఆప్షన్లను పైనుంచి కిందికి చూస్తుంది. ఖాళీ ఉన్న మొదటిదాన్ని ఇచ్చి అక్కడే ఆగిపోతుంది. దీని నుంచి రెండు ఫలితాలు వస్తాయి. రాని కాలేజీని పైన పెడితే నష్టం లేదు. యంత్రం దాన్ని దాటి కిందికి దిగుతుంది. వచ్చి, భరించలేని కాలేజీని పైన పెడితే మాత్రం నష్టం. అది వచ్చేసరికి కింద ఉన్న భరించగల కాలేజీ వేరొకరికి పోతుంది. అంటే అత్యాశకు శిక్ష లేదు, ఖర్చు చూడకపోవడానికే ఉంది. ‘ఊరికే పెట్టి చూద్దాం, వస్తే ఆలోచిద్దాం’ అన్న బెజవాడ సిద్ధాంతం ఈ సూత్రానికి పూర్తిగా విరుద్ధం. రెండో విడత మరీ కఠినం: పై ఆప్షన్ వస్తే మొదటి విడత సీటు దానంతటదే రద్దవుతుంది. మొదటి సీటు మీద మనసున్నవారు రెండో విడతలో దానికన్నా నిజంగా మెరుగైనవే పెట్టాలి. మంచి సీటు చేతిలో పెట్టుకుని, సరదాకు మరో నాలుగు కలిపి, ఉన్నది పోగొట్టుకున్న ఇళ్ళు డెల్టాలో తక్కువేమీ కావు.

వాంఛల నణగించి: బహువచనం గమనించాలి. ప్రధాన వాంఛ సీఎస్‌ఈ. కన్వీనర్ కోటాలో ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్సుకూ సివిల్‌కూ ఫీజు ఒకటే కాబట్టి ఈ వాంఛ డబ్బు దృష్ట్యా నిర్దోషం. దాని కోసం దూరపు హాస్టల్‌కు వెళ్ళినప్పుడే దోషం అంటుకుంటుంది. ద్వితీయ వాంఛ హోర్డింగుల మీద కనిపించే విశ్వవిద్యాలయం. అలాంటివి సొంత పరీక్ష పెట్టి మొదటి ఏడాది ఫీజులో కొంత తగ్గిస్తాయి. ఆ తగ్గింపు రెండో ఏడాదికి కూడా ఉండాలంటే ఎంత సీజీపీఏ నిలబెట్టాలో ప్రకటనలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నాలుగేళ్ళ మొత్తాన్ని తగ్గింపు లేకుండా వేసుకుని, అదీ భరించగలమనుకుంటేనే ఆ పేరు పట్టికలో ఉండవచ్చు.

యాప్షనులను బెట్టు నయ్య: ఇక్కడ అయ్య ఎవరన్నది వివాదాస్పదం. తండ్రి అని ప్రాచీనులు. విద్యార్థి అని నవీనులు. బందరు రోడ్డు నెట్ సెంటర్ నడిపే అయ్య అని అనుభవజ్ఞులు. ఓటీపీ ఏ ఫోనుకు వస్తుందో ఆ ఫోను ఎవరి చేతిలో ఉందో అతడే అయ్య అని తీర్మానించడం మేలు. కనుక రిజిస్టర్ చేసే నంబరు ఇంట్లోవారిదే అయి ఉండాలి. పుంలింగ ప్రయోగం ఉపలక్షణం. సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకే కేటాయించి ఉండగా వారిని మినహాయించే ఉద్దేశం కవికి ఉందనుకోలేము.

శంక: పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ళ చదువిచ్చే నూజివీడు ట్రిపుల్ ఐటీ ఉండగా ఈ కష్టమంతా ఎందుకు? సమాధానం: 2008లో మొదలైన ఆ సంస్థ ద్వారం పదో తరగతి దగ్గరే తెరుచుకుని అక్కడే మూసుకుంటుంది. ప్రభుత్వ పాఠశాల పిల్లలకు అక్కడ కొంత మొగ్గు కూడా ఉంది. చెల్లెలో తమ్ముడో ఇంకా హైస్కూల్లో ఉన్న ఇంట్లో ఈ శంక సార్థకం. ఇంటర్ పూర్తయినవాడికి నిరర్థకం.

తాత్పర్యం

తన ర్యాంకుకు గత ఏడాది అందిన సీట్లను ఎంచి, వాటిలో రాయితీ వర్తించేవాటిని నిలిపి, ఊరి నుంచి బస్సు ఖర్చో హాస్టల్ ఖర్చో కలిపి, డబ్బు ఆలస్యమైతే తట్టుకోగలవాటిని మాత్రమే ఉంచుకుని, ఇష్టమైన వరుసలో పెట్టినవాడు సీటు పొందును.

గెలుచు: భవిష్యదర్థకం. సీటు కేటాయించగానే గెలుపు సిద్ధించదు. గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, కాలేజీలో హాజరైతేనే సిద్ధిస్తుంది. బియ్యం కార్డో, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ పత్రమో, కుల ధ్రువపత్రమో అప్పటికి చేతిలో లేకపోతే రాయితీ ఆగిపోతుంది. విడతలన్నీ ముగిశాక మిగిలిన సీట్లకు కాలేజీలు పెట్టే స్పాట్ అడ్మిషన్‌కు ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు. కనుక ఈ క్రియ అక్కడికి వర్తించదు.