మా బావమరిదికి జపాన్ చేసిన సాయం

జపాన్ వాళ్ల మీద నాకే పగా లేదని ముందే చెప్పుకోవాలి. వాళ్ల ఇంజనున్న స్కూటరు పదిహేనేళ్లుగా నన్నూ, గ్యాస్ సిలిండర్‌నూ, ఒక్కోసారి ఇద్దర్నీ కలిపి మోస్తోంది. నా బాధ వేరే. వాళ్లు ముంబయిలో సముద్రం మీద వంతెన కట్టడానికి అప్పిచ్చారు. ఆ వంతెన ఒక చివర సెవ్రీలో మొదలై, ఎక్కడెక్కడికో పోకుండా, సరిగ్గా మా ఇంటి పక్కన ర్యాంపు దింపింది.

మేం సిరిసిల్ల వాళ్లం. తెలంగాణ నుంచి వచ్చి ముంబయి మిల్లుల్లో మగ్గాల దగ్గర నిలబడ్డ వేలమంది పద్మశాలీల్లో మా నాన్న ఒకడు. 1982 సమ్మెతో ఆ మిల్లుల భోంగా (సైరన్) ఆగిపోయింది గానీ బంధుత్వాలు ఆగలేదు. వర్లీ చాల్‌లో ఒక గదిలో మేమూ, గోడ అవతల మా అత్తగారి వాళ్లూ. వాళ్ల పోపు వాసన మా ఇంట్లో, మా పోట్లాట వాళ్లింట్లో. ఇది చాలని నవీ ముంబయిలోని ఉల్వేలో ఫ్లాటు కొన్నాను. చవగ్గా వచ్చిందని లోకానికి చెప్పాను. అసలు కారణం మీకు మాత్రమే చెప్తున్నాను: వర్లీ నుంచి ఉల్వే రావాలంటే సైన్ దాటి, చెంబూరు దాటి, మాన్‌ఖుర్ద్ దగ్గర కునుకు తీసి, వాశి వంతెన మీద మెలకువొచ్చి, బేలాపూర్ వైపు తిరిగి రావాలి. రెండు గంటలు. వానాకాలమైతే అంతే సంగతులు. ఆ రెండు గంటలకూ కలిపే నేను డబ్బు కట్టాను. ఫ్లాటు కాగితాల్లో రాయలేదు గానీ, నేను కొన్న ఆస్తిలో అదే ముఖ్యమైన భాగం.

వంతెన వస్తుందని బిల్డర్ చెప్పకపోలేదు. నేను నవ్వాను. 1960లలో పుట్టిన ఆలోచన అది. మా నాన్న జోడీ మగ్గాలు నడిపే రోజుల నుంచి వస్తూనే ఉంది. రాదన్న ధీమాతోనే సంతకం పెట్టాను. ప్రభుత్వాల మీద ఒక సామాన్యుడు పెట్టుకున్న నమ్మకాన్ని ఇంత దారుణంగా వమ్ము చేయడం నేనెక్కడా చూడలేదు. 2016 డిసెంబరులో శంకుస్థాపన, 2018లో పని మొదలు, 2024 జనవరి 12న ప్రారంభోత్సవం. మధ్యలో కరోనా వచ్చినా ఆగలేదు. మొత్తం 21.8 కిలోమీటర్లు, అందులో పదహారున్నర సముద్రం మీదే. ఆరు వరుసల దారి. కొన్నిచోట్ల స్తంభానికీ స్తంభానికీ మధ్య 180 మీటర్ల ఉక్కు పలక. అటల్ సేతు అని పేరు.

ఖర్చు దాదాపు 17,840 కోట్లు. అందులో సింహభాగం జపాన్ వారి ‘జైకా’ ఇచ్చిన అప్పు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డులో కొంత భాగానికీ వీళ్లే అప్పిచ్చారు కాబట్టి మన వాళ్లకు ఆ పేరు కొత్త కాదు. కాగితాల మీద దీన్ని ‘అభివృద్ధి సాయం’ అంటారు. మా ఇంట్లో దీన్ని చేబదులు అంటాం. కాకపోతే తేడా ఉంది. జపాన్ వాళ్లు యెన్‌లలో లెక్క రాసుకుని, వడ్డీ ఇంతని, కిస్తీ ఫలానా తేదీనని సంతకాలు పెట్టించుకున్నారు. మా బావమరిదికి నేనిచ్చిన నలభై వేలకు కాగితం లేదు, తేదీ లేదు, వడ్డీ అన్నది ఊహకే లేదు. అప్పివ్వడం కూడా వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

వంతెన తెరిచిన మూడో ఆదివారం అతను దిగాడు. బెల్లు కొట్టకముందే కేక వినిపించింది.

"బావా! ఇంట్ల నుంచి ఎల్లి గంట కూడా కాలే! సముద్రం మీద ఇరవై నిమిషాలే. గిట్ల ఎక్కిన, గట్ల దిగిన!"

"అట్లనా? మంచిగైంది" అన్నాను. ఇంకేమనాలి?

"ఇగ ప్రతి ఆదివారం వస్త బావా. అక్కను చూడక ఎన్ని దినాలైంది!"

మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ మటన్‌కు సంచీ అందించింది. ఆ సంచీ ప్రతి ఆదివారం నా చేతికి వస్తూనే ఉంది.

వాహనాలు మాత్రం అనుకున్నన్ని రావడం లేదట. రోజుకు 70 వేలని అంచనా వేస్తే, మొదటి ఏడాది సగటున 23 వేలు కూడా దాటలేదు. అధికారులు దిగులు పడొద్దు. సంఖ్య తగ్గినా పట్టుదల తగ్గని వాహనం ఒకటుంది, దాని నంబరు నాకు కంఠతా వచ్చు.

ఇందులో అసలైన అన్యాయం వినండి. ఆ వంతెన మీదికి స్కూటర్లు, మోటారు సైకిళ్లు, ఆటోలు రాకూడదు. ట్రాక్టర్లు కూడా రాకూడదు గానీ అది నాకు సంబంధించింది కాదు. నాకున్నది స్కూటరు. అంటే ఆ వంతెన మీద నేను వర్లీ పోలేను, వర్లీ మాత్రం నా దగ్గరికి వస్తుంది. బస్సు ఉందంటారు, ఉంది. కానీ బామన్‌డోంగ్రీలో లోకల్ ఎక్కి మారుకుంటూ పోవడానికే నా ప్రాణం అలవాటు పడింది. పైగా రైల్లో పోతే "రైలు లేటు" అనే మాట ఇప్పటికీ చెల్లుతోంది. రోడ్డు మీద ఆ వసతి పోయింది. ఒకప్పుడు "వాశి దగ్గర ఇరుక్కుపోయాం" అన్న ఒక్క మాటతో రెండు బారసాలలు, ఒక గృహప్రవేశం, మా పెద్ద వదినగారి సత్యనారాయణ వ్రతం తప్పించుకున్నవాణ్ణి నేను. ఇప్పుడా మాటంటే "వంతెన మీద రాకపోయావా?" అంటున్నారు. స్కూటరు రానివ్వరంటే "బస్సు ఉన్నదిగా" అంటున్నారు. అన్ని దారులూ తెరుచుకున్నాక మనిషి ఎక్కడికని పారిపోతాడు?

వంతెన కట్టినవాళ్లు జాలి లేనివాళ్లని కూడా అనలేను. సెవ్రీ బురదనేలల్లో చలికాలం వచ్చే ఫ్లెమింగోలు బెదరకుండా శబ్దాన్ని ఆపే గోడలు పెట్టారు. భాభా అణు కేంద్రం కనబడకుండా చూపును ఆపే గోడలు పెట్టారు. పక్షులకు ప్రశాంతత కావాలని, అణు కేంద్రానికి మరుగు కావాలని తెలిసిన ఇంజనీర్లకు, అటు చివర ఒక గృహస్థు ఉంటాడని, అతనికి రెండూ కావాలని తోచలేదు. మా బావమరిది గొంతుకు ఏ ఫ్లెమింగో అయినా సైబీరియా దాకా ఎగిరిపోతుంది.

2025 సెప్టెంబరులో నా ఆశ మళ్లీ చిగురించింది. ప్రభాదేవి దగ్గరున్న ఎల్ఫిన్‌స్టన్ వంతెనను మూసేశారు. 1913 నాటిది. వర్లీ నుంచి సెవ్రీ వైపు రావడానికి అదే దగ్గరి దారి. పరేల్ అంతా దిగ్బంధమైందని టీవీలో చూపిస్తుంటే చాయ్ తాగుతూ రెండుసార్లు చూశాను. ఆ ఆదివారం అతను రాలేదు. ఆ పై ఆదివారం కూడా రాలేదు. మా ఆవిడ దిగులుగా, నేను దిగులు నటిస్తూ, పప్పుచారుతో తిన్నాం. తర్వాత తెలిసింది, ఆ పాత వంతెనను ఎందుకు మూశారో. వర్లీ నుంచి సెవ్రీకి నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తైన దారి కడుతున్నారు, దానికి చోటు కోసం. అది పూర్తయితే వర్లీలో ఎక్కినవాడు సిగ్నలన్నది చూడకుండా మా ర్యాంపులో దిగుతాడు.

మిగిలిన ఒకే ఒక్క అడ్డంకి టోల్. ఈ చివర నుంచి ఆ చివర దాకా కారుకు ఒకవైపు 250 రూపాయలు, రానుపోను కలిపి 375. ఉల్వేలో ముందే దిగేవాళ్లకు కొంత తక్కువ. దేశమంతా ఆ టోల్ ఎక్కువని గోల చేస్తుంటే, వెయ్యి చేయమని దేవుడికి మొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. మొక్కు వేరేలా ఫలించింది. 2025 ఆగస్టు నుంచి కరెంటు కార్లకు ఆ వంతెన మీద టోల్ పూర్తిగా ఎత్తేశారు.

నిన్న రాత్రి బావమరిది ఫోన్ చేశాడు. కరెంటు కారు బుక్ చేశాడట. మొదటి కిస్తీకి చేబదులు కావాలట.