పొలమారిందా? చీటీ మీద రాసిపెట్టండి

అన్నం తింటూ పొలమారితే, నెత్తి మీద అరచేత్తో తడుతూ "ఎవరో తలుచుకుంటున్నారు" అనేవాళ్ళు ఇంట్లో పెద్దలు. ఎక్కిళ్ళు వస్తే పరిశోధన ఇంకాస్త లోతుగా సాగేది. అత్తయ్య పేరు, మేనమామ పేరు, పొరుగూళ్ళో ఉన్న పెద్దమ్మ పేరు వరసగా చెబుతూ పోవాలి. ఏ పేరు దగ్గర ఎక్కిళ్ళు ఆగితే తలుచుకున్నది వాళ్ళే. ఎక్కిళ్ళన్నవి ఎప్పుడో ఒకప్పుడు ఆగక తప్పదు కాబట్టి ఈ ప్రయోగం విఫలమైన దాఖలా లేదు. మాటల్లో ఉన్న మనిషి గుమ్మంలో కనిపిస్తే "నీకు నూరేళ్ళాయుష్షు" అని మంచినీళ్ళిచ్చేవాళ్ళు. దానికి ఫీజు లేదు, శిబిరం లేదు, సర్టిఫికెట్టూ లేదు.

ఆ సరుకే ఇప్పుడు టెలిపతీ పేరుతో, పైన కాస్త "క్వాంటం" చల్లుకుని వచ్చింది. "ఇప్పుడే నిన్ను తలుచుకున్నాను, నువ్వే ఫోన్ చేశావు!" అన్నది దీనికి ప్రధాన సాక్ష్యం. బాగుంది. మరి తలుచుకున్నా ఫోన్ చెయ్యని బావమరిది మాటేమిటి? ఎన్నడూ తలుచుకోకపోయినా మధ్యాహ్నం కునుకు పట్టే వేళకు సరిగ్గా ఫోన్ చేసే క్రెడిట్ కార్డు అమ్మాయి మాటేమిటి? ఆ పద్దులు ఎవరూ రాయరు. ముప్పై ఏళ్ళ కాపురం తర్వాత "ఇవాళ బెండకాయ వేపుడు అనుకుంటున్నావు కదూ" అని భార్య మనసు చదివేసే భర్తలూ ఉన్నారు. ఫ్రిజ్‌లో ఉన్నది బెండకాయ ఒక్కటే అన్న సంగతి మాత్రం వాళ్ళ ప్రసంగంలో రాదు.

లెక్క రాద్దామని కూర్చున్నవాడు ఒకడున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. రూపర్ట్ షెల్డ్రేక్ అనే ఇంగ్లండు వృక్షశాస్త్రవేత్త. 1970లలో మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో కంది, శనగ పంటల మీద పనిచేసి వెళ్ళిన మనిషే. తర్వాత మనసుల మీద పడ్డాడు. ప్రపంచాన్ని మార్చేయగల ఏడు ప్రయోగాలంటూ 1994లో ఒక పుస్తకం రాసి, పెద్ద ఖర్చు లేకుండా ఎవరైనా చేసుకోవచ్చన్నాడు. ఆపైన ఫోన్ పరీక్ష పెట్టాడు. నలుగురు తెలిసినవాళ్ళు ఉంటారు, పాచిక వేసి వాళ్ళలో ఒకరిని ఎంచుతారు, వాళ్ళు ఫోన్ చేస్తారు. ఎత్తకముందే ఎవరో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా నూటికి పాతిక తగలాలి. తనకు నలభై దాకా తగిలాయన్నాడు. విమర్శకులు ఆ అంకెను ఒప్పుకోలేదు. కానీ పద్ధతి మాత్రం ఫీజు పుచ్చుకుని టెలిపతీ నేర్పుతామనే మన శిబిరాల వాళ్ళ పద్ధతి కంటే వెయ్యి రెట్లు మర్యాదైనది.

కాబట్టి ఆ ఆట ఇంట్లోనే ఆడి చూడండి. ఫోన్ తెరను బోర్లా పెట్టండి, లేకపోతే మోగకముందే పేరు చదివేసే మహిమ దానిదవుతుంది. నలుగురికీ వేరువేరు రింగుటోన్లుంటే తీసెయ్యండి. ఎవరు చెయ్యాలో చీటీలు తేల్చాలి, మీరు కాదు. రాత్రి తొమ్మిదికి చేసేది అమ్మేనని ఊరంతటికీ తెలుసు. జవాబు ముందు కాగితం మీద పడాలి, ఆ తర్వాతే "హలో". ఎన్నిసార్లు ఆడాలో కూడా ముందే రాసుకోవాలి. ఈ చివరి మాట దగ్గరే చాలామందికి మొహం మాడుతుంది. బాగా తగులుతున్నప్పుడు ఆపేసి కాఫీ తాగడం మన ఎక్కిళ్ళ కాలం నాటి అలవాటు మరి.

పదిసార్లు ఆడితే అయిదో అంతకన్నా ఎక్కువో తగిలే అవకాశం, ఏ శక్తీ లేకుండానే, నూటికి దాదాపు ఎనిమిది. అంటే వెయ్యి ఇళ్ళలో ఈ ఆట ఆడితే డెబ్బై ఎనిమిది ఇళ్ళలో మహాత్ములు పుడతారు. మిగతా తొమ్మిది వందల పైచిలుకు ఇళ్ళవాళ్ళు టీవీకి ఫోన్ చేసి "మాకేమీ రాలేదండీ" అని చెప్పరు, చెప్పినా స్టూడియోకు పిలవరు.

రాకపోయినా దిగులుపడనక్కర్లేదు, దానికీ శాస్త్రం ఉంది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1930లలో జె.బి. రైన్ అయిదు గుర్తుల కార్డులతో ఏళ్ళ తరబడి ఇదే పరీక్ష చేశాడు. ఇరవై అయిదు కార్డుల కట్ట, ఊరికే చెప్పినా అయిదు కలవాలి. అయిదు కంటే బాగా తక్కువ కలిస్తే? అదీ శక్తేనట, తిరగబడిన శక్తి. అటు లండన్‌లో సోల్ అనే గణిత పండితుడికి కొన్నేళ్ళపాటు ఏమీ కలవలేదు. ఎదురుగా ఉన్న కార్డుతో కాకుండా ముందు కార్డుతోనో తర్వాతి కార్డుతోనో పోల్చి చూడమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. కలిసింది! పరీక్షలో మూడో ప్రశ్నకు నాలుగో ప్రశ్న జవాబు రాసిన కుర్రాడికి ఇంత దయగల మాస్టారు ఎక్కడా దొరకడు. ఆ తర్వాత సోల్ జరిపిన ఘనమైన ప్రయోగాల అంకెల్ని ఆయనే దిద్దాడని 1978లో బయటపడింది.

ఇంత తతంగం ఎందుకనుకుంటే అబ్రహాం కోవూర్ దారి ఉంది. కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడ్డ ఈ హేతువాది 1963లో లక్ష రూపాయల పందెం కాశాడు. అందులో ఒక అంశం, కవరులో పెట్టి అంటించిన నోటు నంబరు చదవడం. పోయిన జన్మలో మనం ఏ రాజు కొలువులో ఉన్నామో చెప్పగల స్వాములెందరో ఉన్నారు. అయినా ఆ లక్ష కోవూర్ చనిపోయేదాకా ఆయన దగ్గరే ఉంది. అయిదు వందల నోటొకటి కవరులో పెట్టి మీ ఊరి సిద్ధపురుషుడి ముందు ఉంచండి. చివరి ఆరంకెలు చెబితే నోటు ఆయనదే అనండి.

ఆయన కళ్ళు మూసుకుంటాడు, నుదురు నొక్కుకుంటాడు. తర్వాత జాలిగా చూసి, మీ అపనమ్మకం తరంగాలకు అడ్డుపడుతోందంటాడు. గొడవపడకండి, వెంటనే ఒప్పుకోండి. ఒక్క మాట మాట్లాడకుండా, చెయ్యి కదపకుండా, ఇంత దూరంలో కూర్చుని కేవలం మనసులో అనుకుని అంతటివాడి శక్తిని ఆపేశారంటే, టెలిపతీ వచ్చింది మీకే. ఫీజు ఎంతో ఆలోచించుకోండి, వచ్చే ఆదివారానికి హాలు బుక్ చేసుకోవాలి.