ముందు నన్ను విప్పకండి

కారు వణికిందంటే చాలు, స్క్రూడ్రైవరు ముందు నా మీదికే వస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోతే "కార్బ్యురేటర్ పోయిందండీ" అని తేల్చేస్తారు. నేను సోలెక్స్ కార్బ్యురేటర్ని. ప్రీమియర్ పద్మిని బానెట్ కింద, 1089 సీసీ ఇంజను పక్కన నా కాపురం. ఆ కార్ల తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటినా, విజయవాడలో మా మాస్టారు ఈ బండిని వదల్లేదు.

బండి వేగంగా పోతున్నప్పుడు నా పని తేలిక. గొంతులో గాలి జోరుగా దూసుకుపోతుంటే పెట్రోలు మెయిన్ జెట్ గుండా దానంతటదే లేచి వస్తుంది. కష్టమంతా బండి నిలబడి ఉన్నప్పుడే. యాక్సిలరేటర్ వదిలేస్తే నా త్రాటిల్ పళ్లెం దాదాపు మూసుకుపోతుంది. ఇక పళ్లెం దిగువనున్న సన్నటి బెజ్జంలోంచి ఇంజను పీల్చుకునే పెట్రోలే దిక్కు. దాని కొలత స్లో జెట్ చేతిలో ఉంటుంది. ఆ జెట్ మీద 50 అని చెక్కి ఉంటే రంధ్రం అర మిల్లీమీటరని అర్థం. అందులో ఓ నలుసు పడినా ఇంజను తడబడుతుంది.

కానీ ప్లగ్గులో నిప్పురవ్వ సరిగా పడకపోయినా అదే తడబాటు. ఎక్కడో గాలి లాగినా, వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా అంతే. అవేవీ చూడకుండా నా స్క్రూలు తిప్పితే, ఉన్న జబ్బుకు తోడు కొత్త జబ్బు అంటుకుంటుంది.

నాకు జరిగిందదే. ఓ మెకానిక్ నా స్క్రూలన్నీ తిప్పి, నట్లు బలమంతా పెట్టి బిగించి, కొత్త కార్బ్యురేటర్ వేయించమన్నాడు. మాస్టారు బండిని ఆటోనగర్ తీసుకెళ్లారు.

"మార్చేయమంటారా మేస్త్రి గారూ?"

"తొందరేముందండీ మాస్టారూ. ముందు ఇంజను వేడెక్కనివ్వండి."

పెద్ద మేస్త్రి నన్ను ముట్టుకోలేదు. రబ్బరు పిడి పటకారుతో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి పెడుతూ ఇంజను మోత విన్నారు. ఒకటో వైరు తీస్తే మోత కుంగింది. రెండోదీ, నాలుగోదీ అంతే. మూడోది తీస్తే ఏ తేడా లేదు. అంటే ఆ సిలిండర్ అసలు పనే చేయడం లేదు! ప్లగ్గు విప్పితే నల్లగా, పెట్రోలు తడితో ఉంది. దాన్ని రెండో సిలిండర్‌లో పెట్టి చూశారు. అక్కడ బాగానే వెలిగింది, మూడోది మాత్రం కదల్లేదు. వైరు మార్చగానే మూడోది అందుకుంది. పాయింట్ల గ్యాప్ కూడా సరిచూశారు. ఆయన చేతి వరస చూస్తుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది.

అయినా ఇంజను మోత ఎగుడుదిగుడుగానే ఉంది. ఆయన చోక్ కొంచెం లాగారు. మోత కుదుటపడింది. అంటే చోక్ లేనప్పుడు పెట్రోలు చాలడం లేదు, లేదా గాలి ఎక్కువైంది. బ్రష్షుతో నా అడుగు చుట్టూ పల్చగా నూనె రాశారు. ఒక మూల తాకగానే మోత మారిపోయింది. నూనె ఆ సందును కాసేపు మూసేసిందన్నమాట. నట్లు అతిగా బిగించడంతో నా అడుగు వంగి, ప్యాకింగ్ చిరిగి, అక్కణ్ణుంచి గాలి లాగుతోంది.

అప్పుడు విప్పారు నన్ను. అద్దం మీద ఎమరీ కాగితం పరిచి నా అడుగును చదునుగా రుద్దారు. స్లో జెట్‌ను గాలి కొట్టి శుభ్రం చేశారు. పక్కనున్న కుర్రాడు సన్నటి తీగ అందించబోతే "వద్దురా, ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదైపోద్ది. ఆనక పెట్రోలు తాగేస్తాది" అని చెయ్యి పట్టుకున్నారు. ఎన్ని జెట్లు అలా తీగల పాలయ్యాయో తలచుకుంటే నాకిప్పటికీ బాధే.

కొత్త ప్యాకింగ్ వేసి బిగించాక, నడుస్తున్న ఇంజను మీద మిక్చర్ స్క్రూను మెల్లగా లోపలికి తిప్పారు. ఇంజను ఆగిపోయింది. అలా ఆగాలి కూడా. ఆగకపోతే పెట్రోలు వేరే దారిన వస్తున్నట్టే. స్క్రూను సుమారు ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పి స్టార్ట్ చేసి, మోత పెరిగే చోటు వెతికి అక్కడ వదిలారు.

"కార్బ్యురేటర్ లక్షణంగా ఉందండీ. వైరుకీ ప్యాకింగ్‌కీ ఇవ్వండి చాలు" అన్నారు మాస్టారితో.