బూజు అనుకున్నాను

పోయిన ఉగాదికి ముందు జంషెడ్‌పూర్‌లోని మా కద్మా ఇంట్లో నేను చేసిన పని ఎవరికైనా చెబితేగాని నిద్ర పట్టేలా లేదు.

ఆ నెలంతా నా మనసు న్యూగినియాలో ఉంది. పడమటి న్యూగినియాలోని ఫోజా కొండల్లో, వెయ్యి మీటర్లకు పైన మబ్బులు కమ్మిన అడవిలో, 2005 చివర్లో బ్రూస్ బీలర్ బృందానికి కనబడిన తేనెపిట్ట గురించి చదువుతున్నాను. పొగరంగు ఒళ్లు. కంటి చుట్టూ ఈకల్లేని నారింజ రంగు చర్మం, దాని కింద కోడిపుంజుకున్నట్టు వేలాడే తోలుముక్క. గొంతు విప్పడమే అరుదట. 2007లో బీలర్ తన భార్య కారొల్ పేరు మీద దానికి మెలిపోటిస్ కారొలే అని పేరు పెట్టాడు. తేనెపిట్ట అంటామే గానీ ఆ జాతికి పండ్లే ముఖ్యాహారం. మన పెరటి తేనెపిట్టకూ దానికీ పేరు కలిసిందే తప్ప చుట్టరికం లేదు. ఇదంతా మా ఆవిడకు పూసగుచ్చినట్టు చెప్పేవాణ్ణి. ఎదురుగా దల్మా కొండ కనబడుతుంటే, ఇక్కడ చూడ్డానికేముందిలే అనుకునేవాణ్ణి.

పండగకు ఇల్లు దులుపుతూ వరండాలో పాత బల్బు తీగకు వేలాడుతున్న చెత్తను బూజుకర్రతో ఒక్క లాగు లాగాను. ఎండు నార, బెరడు ముక్కలు, సాలెపట్టు.

"ఏవండీ, బూజులో గుడ్లేమిటి?" అంది మా ఆవిడ.

రెండు గుడ్లు. ఒకటి చితికిపోయింది. గూటి పక్కన చిన్న గుమ్మం, దాని మీద చూరు కూడా ఉన్నాయి. మన తేనెపిట్ట గూడు అలాగే ఉంటుంది, చూసేవాళ్లు చెత్త అనుకోవాలనే. ఆడపిట్ట ఒక్కతే అల్లి, ఒక్కతే రెండు వారాలు పొదుగుతుంది. నీలంగా మెరిసే మగపిట్టను రోజూ తీగ మీద చూస్తూనే ఉన్నాను. పసుపు పొట్టతో వెలిసినట్టుండే ఆడదాన్ని ఏనాడూ పట్టించుకోలేదు. సలీం అలీ పిట్టల పుస్తకం పదేళ్లుగా మా అలమరాలోనే ఉంది.

మిగిలిన గుడ్డును గూట్లో పెట్టి తీగకు కట్టాను. ఆడపిట్ట రెండు రోజులు దాని చుట్టూ తిరిగింది, లోపలికి మాత్రం వెళ్లలేదు. మూడో రోజు, నేను దులపకుండా వదిలేసిన మూలకు వచ్చి సాలెపోగులు లాక్కుని ఎగిరిపోయింది. ఎటు వెళుతోందో చూడ్డానికి నాకు మొహం చెల్లలేదు.