అవ్వలకు నంద్యాల కోచింగ్

బ్యాంకు కౌంటర్లో కూర్చునేవాళ్లకు ఆ ఊరి భాష రావాలని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు 2025లో ముంబయిలో స్టేట్ బ్యాంకు సదస్సులో సెలవిచ్చారు. 2022లో బ్యాంకర్ల సంఘం సభలోనూ ఇదే సెలవిచ్చారు. మూడేళ్లలో మాటా మారలేదు, కౌంటరూ మారలేదు. బ్యాంకులవాళ్లు తెలుగు నేర్వడం అయ్యే పని కాదని తేలిపోయింది. కనక తేలికైన దారి చూద్దాం. ఖాతాదారులకే పరీక్ష పెడదాం.

కోచింగుకు కొదవ లేదు, నంద్యాల ఉండనే ఉంది. పొద్దుటి బ్యాచ్‌లో బ్యాంకు ఉద్యోగం కోసం కుర్రాళ్లు, సాయంత్రం బ్యాచ్‌లో బ్యాంకులో డబ్బు తీసుకోవడం కోసం వాళ్ల అవ్వలు. మనవడు పాసై ఏ బిహారుకో పోయి అక్కడి అవ్వకు అర్థం కాకుండా మాట్లాడతాడు. ఆ అవ్వ మనవడు ఇక్కడికొచ్చి మన అవ్వను కసురుకుంటాడు. ఖాతా సరిపోయింది.

ప్రిలిమ్స్‌లో విత్‌డ్రాయల్ ఫారం నింపాలి. ఫారాల మీద స్థానిక భాష ఉండాలని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది గనక, ఆ ఫారాలు అయిపోయాయన్న జవాబుతో పరీక్ష మొదలవుతుంది. నోరు జారి తెలుగు ముక్క పలికితే పావు మార్కు కోత.

మెయిన్స్ అంతా వినికిడి. అద్దం వెనకనుంచి, తల ఎత్తకుండా, ఫోను చెవిన పెట్టుకుని అన్న మాటల్లో కసురు ఎంత, జవాబు ఎంత అన్నది విడదీసి రాయాలి. జవాబు ఏమీ లేదని కనిపెట్టినవాళ్లకు బోనస్.

అసలు గండం ఇంటర్వ్యూ. వెనక ఇరవై మంది చూస్తుండగా ‘క్యా చాహియే?’ అని గద్దిస్తారు. అవ్వ కళ్లు చెమర్చితే ఫెయిల్. డ్వాక్రా లీడరెవరైనా గొంతు పెంచితే, విధులకు ఆటంకం కింద శాశ్వతంగా డిబార్. ‘నా డబ్బే కదా బాబూ’ అన్న వాక్యం సిలబస్‌లో లేదు.

పాసైనవారి సర్టిఫికెట్ మేనేజరు బదిలీ అయ్యేదాకా చెల్లుతుంది. కొత్తాయన ఒడిశా నుంచి దిగితే కొత్త సిలబస్. 2025 మే నెలలో కర్ణాటకలో కన్నడం మాట్లాడనన్న మేనేజరును బదిలీ చేశారు కదా, ఇప్పుడు ఎక్కడి అవ్వలు ప్రిపేరవుతున్నారో పాపం.

ఇక నవ్వులాట చాలు. ఆ బిహారు కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాడికి తెలుగు నేర్పడానికి తీరికలేని యాజమాన్యానికి, బీమా పాలసీల టార్గెట్ పెట్టడానికి మాత్రం తీరిక ఉంటుంది. పంట రుణం కాగితాలతోపాటు ఏ పాలసీ మీద తన వేలిముద్ర పడిందో అడగడానికి రైతుకు భాష లేదు. ఉపాధి కూలి తీసుకోవడానికి వచ్చిన మనిషి పక్కింటి పిల్లాణ్ని వెంటబెట్టుకొస్తుంది. ఆమె ఖాతాలో ఎంతుందో సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. కష్టపడి సంపాదించిన సొమ్మును బిచ్చంలా అడిగి, మెట్లు దిగుతూ ‘నాకే తెలివి లేదయ్యా’ అనుకుంటుంది. ఆమె చేత ఆ మాట అనిపించిన పాపం ఎవరిది?

బందరులో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన ఆంధ్రా బ్యాంకును 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేశారు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అంతకు మూడేళ్ల ముందే పోయింది. ఆ విలీనాలను ఎవరూ సదస్సుల్లో సలహాగా చెప్పి ఊరుకోలేదు. తేదీ వేసి, ఉత్తర్వు ఇచ్చి, అనుకున్న రోజుకు బోర్డులు మార్పించారు. భాష దగ్గరికి వచ్చేసరికి ఉపన్యాసం! గుమాస్తా ఉద్యోగానికి స్థానిక భాషలో పరీక్ష ఉంది. రుణం ఇవ్వాలో వద్దో తేల్చే ప్రొబేషనరీ ఆఫీసరు ఆ గడప తొక్కనక్కర్లేదు.

నర్సాపురం కోడలు మంత్రిగారు. తెలుగు అవ్వ ఎలా మాట్లాడుతుందో ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు. ఈ బ్యాంకుల యజమాని మీ ప్రభుత్వమే కదమ్మా, మరి ఎవరికి ఈ సలహాలు? స్థానిక భాష రానిదే ప్రొబేషన్ పూర్తి కాదని నియామక పత్రంలో ఒక్క షరతు రాయించడానికి మూడేళ్లు చాలలేదా?